కార్తీకంలో పరాయి తోట: గేటు ఎవరు తెరవాలి, ఎంతవరకు తెరవాలి

కార్తీకం దగ్గరపడుతుంటే తిరుపతిలో ఒకటే చర్చ: ఈసారి వనభోజనాలు ఎవరి తోటలో? ఆఫీసు వాళ్లు, అపార్టుమెంటు వాళ్లు, పదో తరగతి బ్యాచ్‌ల వాళ్లు, భజన బృందాల వాళ్లు, అందరూ వెతికేది ఒకేలాంటి చోటు కోసం. ఊరికి అరగంట దూరంలో ఉండాలి, నీడ ఉండాలి, బోరు నీళ్లు ఉండాలి, ఒక్క ఉసిరి చెట్టయినా ఉండాలి. చంద్రగిరి వైపు, పాకాల దారిలో, రామచంద్రాపురం, వడమాలపేట పక్కన ఇలాంటి మామిడి తోపులకు కొదవ లేదు. అయితే అవన్నీ ఎవరో ఒకరి సొంతం. ముందురోజు ఫోన్ చేసి "రేపు ఓ నలభై మందిమి వస్తామన్నా" అంటే, "దానికేం, రండి" అనే జవాబు ఏటికేడాది తగ్గిపోతోంది. కొన్ని గేట్లకు తాళాలు పడుతున్నాయి. కొన్నిచోట్ల రోజుకింత అని రేటు చెబుతున్నారు.

మనుషుల్లో మంచితనం తగ్గిపోయింది, అందుకే ఇలా అని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ మూడు విషయాలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఆ నెలలో చెట్టు ఏ దశలో ఉంటుంది, "రండి" అన్న మాటకు చట్టంలో ఉన్న విలువెంత, చేతులు మారే డబ్బు ఏ లెక్కలోకి వస్తుంది. వీటిని విడదీసి చూస్తే నాకు అర్థమైంది ఇది: సొంత తోటను పదిమందికి తెరవడం ఈ రోజుల్లోనూ సాధ్యమే, కానీ మొహమాటం మీద నడపడం సాధ్యం కాదు. ఏ రోజు, ఏ దారి, ఎంతమంది అన్నది తోట గలవాళ్లే ముందుగా తేల్చి చెప్పాలి. వచ్చేవాళ్లు దాన్ని అవమానంగా తీసుకోకూడదు.

షిల్లింగు తోటలు, ఒక్కరోజు తోట

ఇళ్ల తోటల్ని బయటివాళ్లకు తెరిచే అలవాటును దేశమంతా ఒక పద్ధతిగా నడిపింది ఇంగ్లండు. దాని మూలం తోటల్లో లేదు, రోగుల ఇళ్లలో ఉంది. 1859లో లివర్‌పూల్‌కు చెందిన వ్యాపారి విలియం రాత్‌బోన్, తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన నర్సును తర్వాత పేదల ఇళ్లకు వెళ్లి చూసే పనిలో పెట్టారు. అక్కడి నుంచి ఇంటింటికీ తిరిగే నర్సుల వ్యవస్థ పెరిగింది. దానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు, 1926లో, క్వీన్స్ నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యురాలైన ఎల్సీ వాగ్ అనే ఆవిడ ఓ ఆలోచన చెప్పారు: తోటలున్నవాళ్లు తలకో షిల్లింగు తీసుకుని జనాన్ని లోపలికి రానిస్తే ఎలా ఉంటుంది? మరుసటి ఏడాది 609 తోటలు తెరుచుకున్నాయి, 8,191 పౌండ్లు వచ్చాయి. పౌండుకు ఇరవై షిల్లింగులు. ఆ లెక్కన లక్షా అరవై వేలకు పైగా మనుషులు ముక్కూమొహం తెలియనివాళ్ల పెరళ్లలో నడిచారన్నమాట. నేషనల్ గార్డెన్ స్కీమ్ పేరుతో అది నేటికీ నడుస్తోంది. ఏటా మూడు వేలకు పైగా తోటలు అందులో పాల్గొంటాయి. అమెరికాలో గార్డెన్ కన్జర్వెన్సీ అనే సంస్థ 1995 నుంచి ఇలాంటిదే నడుపుతోంది.

ఆ పద్ధతి అంతకాలం నిలవడానికి కారణం ధనవంతుల ఔదార్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎప్పుడు తెరవాలో తోటవాళ్లే ఎంచుకుంటారు, ఏడాదిలో ఒక్కరోజు తెరిచినా చాలు. ఆ తేదీ, రుసుము ముందే అచ్చవుతాయి. డబ్బు ఎటు పోతుందో గేటు దగ్గరే తెలుస్తుంది. ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిదన్న టెన్షన్ తోటవాళ్లకు లేకుండా బీమా ఉంటుంది. అంటే రమ్మనడంతో పాటు, ఎప్పుడు వెళ్లిపోవాలో కూడా ముందే రాసి ఉంటుంది. మన దగ్గర రమ్మనడం బాగా వచ్చు, ఇక చాలనడమే రాదు.

అక్కడ అక్టోబరులో తోటలు తెరవడంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. పగలు కురచబడి రాత్రుళ్లు చల్లబడితే ఆ దేశపు చెట్లు ఆకుల్లోని పత్రహరితాన్ని విరగ్గొట్టి, ఆకుల్లోని నత్రజనిని కొమ్మల్లోకి లాక్కుంటాయి. పచ్చరంగు పోగానే, అన్నాళ్లూ దాని వెనకున్న పసుపు కనిపిస్తుంది. కొన్ని జాతుల్లో అప్పుడే కొత్తగా ఎరుపు పుడుతుంది. జనం వెళ్లేది ఆ రంగులు చూడటానికే. చెట్టుకు అప్పటికి ఆ ఏటి పని అయిపోయింది, ఆకులు రాల్చి పడుకోబోతోంది. మన మామిడి మాత్రం అదే నెలల్లో రాబోయే కాపుకు సిద్ధమవుతుంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే సగం గొడవలు.

అక్కడికి వెళ్లేముందు మన కొండమీది తోట గురించి చెప్పాలి. రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు తిరుమలలో స్వామి కైంకర్యానికి పూలతోట వేశారు. పురిశైవారి తోట అంటే అదే. చెరువు తవ్వుతుండగా ఆయన విసిరిన గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూ ఇప్పటికీ కనిపిస్తుంది. వార్షిక బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్ సవారి పేరుతో మలయప్పస్వామి ఉభయదేవేరులతో కలిసి ఆ తోటకు వెళ్తారు. తోటలోకి వచ్చిన అమ్మవారిని ఎవరో అనుకుని అనంతాళ్వారు సంపంగి చెట్టుకు కట్టేశారని, స్వామి అప్రదక్షిణంగా పరుగెత్తి తప్పించుకున్నారని కథ. అందుకే ఆ ఒక్క ఊరేగింపు అప్రదక్షిణంగా సాగుతుంది. భక్తి సంగతి అటుంచి ఏర్పాటును చూడండి. ఏడాదికి ఒక్క రోజు, తెలిసిన దారి, ఆళ్వారు వంశీకుల సమక్షంలో పూజ, తిరుగు ప్రయాణం. శరత్తులో ఒకరి తోటకు వెళ్లడానికి ఇంతకంటే మంచి నమూనా కోసం మనం ఇంగ్లండు దాకా వెళ్లనక్కర్లేదు. కార్తీకంలో పార్వేట మండపం దగ్గర టీటీడీ జరిపే వనభోజనోత్సవం కూడా ఇలాగే, చోటూ వేళా కచ్చితంగా ఉన్న ఏర్పాటు.

కార్తీకంలో మామిడి చెట్టు చేసే పని

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోట అంటే నూటికి తొంభై మంది మనసులో మెదిలేది మామిడి తోపే. అందులోనూ తోతాపురి. మనవాళ్లు బెంగళూరా అంటారు, గుజ్జు ఫ్యాక్టరీలు కొనేది ఎక్కువగా ఇదే. జూన్, జులైలలో కోత అవుతుంది. ఆ తర్వాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో కొత్త ఇగురు వస్తుంది. రాగిరంగులో మెత్తగా వేలాడే ఆ ఆకులు నెమ్మదిగా ముదురుతాయి. కార్తీకం నాటికి ఒక కొమ్మను దగ్గరికి వంచి చూడండి. చివరి ఆకులు ముదురుపచ్చగా, బిరుసుగా ఉంటాయి. చేత్తో నలిపితే ఫెళఫెళమంటాయి. వాటి మధ్యలో గోధుమరంగు పొలుసులు కప్పుకున్న చిన్న మొగ్గ ఉంటుంది, గట్టిగా, కదలిక లేనట్టు. అది ఆకు కావాలా, పూత కావాలా అన్నది తేలేది సరిగ్గా ఈ రోజుల్లోనే. పొడి వాతావరణం, రాత్రి చలి కలిసొస్తే పూత అవుతుంది. నీళ్లెక్కువై, నేల తడిగానే ఉండిపోతే మళ్లీ ఇగురేస్తుంది, ఆ కొమ్మకు ఆ ఏడు కాయ లేనట్టే. అందుకే రైతులు పూతకు ముందు రెండు మూడు నెలలు తోటకు నీళ్లు ఆపేస్తారు. ఈశాన్య రుతుపవనాల వాన మన చేతుల్లో లేదు, బోరు మాత్రం ఉంది.

ఇప్పుడు ఆ తోటలోకి నలభై మంది వచ్చారనుకుందాం. రాళ్ల పొయ్యి ఎక్కడ పెడతారు? ఎండ తగలకూడదని చెట్టు మొదట్లోనే. మాను బెరడు కింద, ఆహారాన్ని మోసుకెళ్లే పొర పలచగా ఉంటుంది. ఒక పూట సెగ గట్టిగా తగిలితే ఆ వైపు చచ్చిపోతుంది. తర్వాత బంక కారుతుంది, తొలిచే పురుగుకు దారి దొరుకుతుంది. పైన కొమ్మలకు వేడి తగిలి ఆకులు కమిలితే, పూతకు సిద్ధమవుతున్న కొమ్మలు ఆ మేరకు పోయినట్టే. పొగ పెడితే పూత బాగా వస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. ఫిలిప్పీన్స్‌లో ఆ పద్ధతి ఉన్నమాట నిజం. అయితే వాళ్లు మంట లేకుండా, పొగ మాత్రమే వచ్చేలా, రోజుల తరబడి పెడతారు. పులిహోర వండిన పొయ్యితో దానికి సంబంధం లేదు.

పొయ్యి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది బండ్లు. చెట్టుకు తిండి అందించే సన్నటి వేళ్లు చాలా వరకు పైమట్టిలోనే, కొమ్మల నీడ పడే మేర పరుచుకుని ఉంటాయి. కార్తీకంలో మన నేల తడిగా ఉంటుంది. తడి నేల మీద కార్లు, టెంపోలు ఎక్కితే మట్టి రేణువుల మధ్య గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. బురద ఆరాక నేల బండరాయిలా గడ్డకడుతుంది. అక్కడ వేరు ఊపిరాడక చస్తుంది. ఈ నష్టం ఆరోజు ఎవరికీ కనబడదు, రెండు మూడేళ్లకు ఆ వరుసలో చెట్లు ఎందుకు కాయలేదో రైతుకూ అర్థం కాదు. బండ్లు గేటు బయటే ఆపి నడిచి వెళ్లడం అనే ఒక్క నియమం పెట్టుకుంటే తోటకు జరిగే హానిలో పెద్ద భాగం తప్పుతుంది. ఇక గిన్నెలు పాదుల్లో కడగడం. నీళ్లు ఆపిన చెట్టుకు సబ్బునీళ్లు పోయడం ఎందుకు మంచిది కాదో మళ్లీ చెప్పక్కర్లేదు.

మరి కార్తీకంలో ఏ చెట్టు దగ్గరికి వెళ్లాలి? సంప్రదాయం చెప్పిన చెట్టు దగ్గరికే. ఉసిరి పద్ధతి వేరు. అది వేసవికి ముందే తన సన్న రెమ్మల్ని రాల్చి, కొత్త రెమ్మలతో పాటే పూస్తుంది. పిందె కట్టాక ఎండలంతా పెరగకుండా నిద్రపోతుంది. వానలు పడ్డాకే కాయ ఊరడం మొదలవుతుంది. కార్తీకం నాటికి కొమ్మలు కాయల బరువుతో వంగి ఉంటాయి, పూత పని ఇంకా నెలల దూరంలో ఉంటుంది. చెట్టు కింద పదిమంది కూర్చుని విస్తళ్లలో తింటే దాని కాపుకేమీ కాదు. వంట ఇంటి దగ్గరే చేసుకుని, లేదంటే తోట అంచున ఖాళీ జాగాలో చేసుకుని, భోజనానికి మాత్రం ఉసిరి కిందికి రావడం అన్నివిధాలా సరైన పద్ధతి. మామిడిని చూడాలనిపిస్తే జనవరి చివర్లో ఒక ఉదయం వెళ్లండి. పూత మీద ఉన్న తోపు ముందు కార్తీకపు తోపు దిగదుడుపే. అప్పుడు వంట వద్దు, ఊరికే నడవండి.

"రండి" అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం

ఒకరి భూమిలో ఏదో ఒకటి చేసుకోవడానికి వాళ్లిచ్చే అనుమతిని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం లైసెన్సు అంటుంది. 52వ సెక్షన్. కాగితం అక్కర్లేదు, నోటిమాట చాలు, కొన్నిసార్లు నడవడిని బట్టి కూడా అనుమతి ఉన్నట్టు అనుకోవచ్చు. అయితే ఆ అనుమతి వల్ల భూమి మీద ఏ హక్కూ పుట్టదు. "పదేళ్లుగా ఇక్కడే చేసుకుంటున్నాం" అన్న వాదన అందుకే నిలవదు. మామూలుగా ఇచ్చిన అనుమతిని ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకున్నప్పుడు సామాను సర్దుకుని బయటపడటానికి తగినంత టైం ఇవ్వాలని 63వ సెక్షన్ చెబుతుంది. డబ్బు తీసుకుని, వచ్చినవాళ్ల తప్పు లేకుండానే మధ్యలో పంపేస్తే పరిహారం అడగొచ్చని 64వ సెక్షన్.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 57. తనకు తెలిసి, వచ్చేవాళ్లకు తెలియని ప్రమాదం ఏదైనా ఆ స్థలంలో ఉంటే, అనుమతి ఇచ్చినవాళ్లు దాన్ని చెప్పి తీరాలి. మన తోటల్లో ఆ ప్రమాదాలు ఊహకు సంబంధించినవి కావు. గడ్డి కప్పేసిన పాత బావి. గట్టు లేని నీటిగుంట. అడవిపందుల కోసం కంచెకు దొంగతనంగా ఇచ్చిన కరెంటు. చివరిది ఎలాగూ నేరం, ఆ తోటకు ఎవరినీ రమ్మనకూడదు. మిగతావి గేటు దగ్గరే చూపించాలి, చుట్టూ తాడు కట్టాలి. "పిల్లల్ని కాస్త చూసుకోండి" అంటే సరిపోదు, బావి ఎక్కడుందో వేలెత్తి చూపించాలి.

అసలు ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. ఈ ప్రాంతంలో చాలా తోటల్ని పూత మీదే గుత్తకు ఇచ్చేస్తారు. భూమి ఒకరిది, ఆ ఏటి కాపు ఇంకొకరిది. కావలి మనిషి చేతిలో ఐదొందలు పెడితే గేటు తెరుచుకోవచ్చు, కానీ ఆయన అనుమతి అనుమతి కాదు. మర్నాడు గుత్తదారు వచ్చి విరిగిన కొమ్మలు చూపిస్తే మాటపడేది ఆ కావలి మనిషే. తోట ఎవరిదో, ఆ ఏటి కాపు ఎవరిదో కనుక్కుని ఇద్దరితోనూ మాట్లాడాలి. అడగకుండా చొరబడితే, అవమానించడమో ఇబ్బంది పెట్టడమో ఉద్దేశమని తేలినప్పుడు భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద కేసు దాకా పోతుంది.

శేషాచలం పాదాల దగ్గరున్న తోటల విషయంలో వెనక కంచె ఎక్కడుందో తెలుసుకోవాలి. అది దాటితే రిజర్వు ఫారెస్టు. అక్కడికి అనుమతి ఇచ్చే అధికారం తోట యజమానికి లేదు. అక్కడ నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం కింద నేరం. పచ్చగా కనిపిస్తోంది కదా అని పిల్లలు ఆడుకుంటూ అటు వెళ్లిపోతారు. పలమనేరు, కుప్పం వైపైతే ఏనుగుల సంగతి ముందురోజే ఊళ్లో వాకబు చేసుకోవాలి. ఎక్కడికి వెళ్లినా పొయ్యి వెలిగించే ముందు తల పైకెత్తి కొమ్మల్లో పెద్ద తేనెపట్టు ఉందేమో చూడాలి. పొగ తగిలిన తేనెటీగలు కింద ఉన్నవాళ్లను వదలవు. వనభోజనాల్లో జరిగే ప్రమాదాల్లో తప్పించుకోవడానికి అతి తేలికైనది ఇదే, ఒక్క చూపు చాలు.

డబ్బు

రేటు చెబుతున్నారని నొచ్చుకునేవాళ్లు 2025 మామిడి సీజన్ గుర్తుచేసుకోవాలి. తోతాపురికి కిలో 12 రూపాయలు రైతుకు దక్కాలని, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని లెక్క కట్టాల్సి వచ్చింది. టన్ను కాయకు 12 వేలు రావడమే గగనమైనప్పుడు, తోట శుభ్రం చేయించి, నీళ్లు పెట్టించి, మరుగుదొడ్డి చూపించినందుకు మనిషికి యాభయ్యో వందో అడగడం దోపిడీ కాదు. పైగా డబ్బు తీసుకుంటే తోటవాళ్లకు నోరు వస్తుంది. ఇంతమందే, ఇన్ని గంటలే, డీజే వద్దు, ప్లాస్టిక్ వద్దు అని చెప్పగలుగుతారు. ఉచితంగా ఇచ్చినప్పుడు ఆ మాట గొంతు దాటి రాదు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి ఎలాగూ నిషేధం. విస్తరాకులు, అరిటాకులు ఉండగా మనకు ఆ బాధే లేదు.

ఒక జాగ్రత్త తోటవాళ్లకు. మామిడి అమ్మగా వచ్చిన సొమ్ము వ్యవసాయ ఆదాయం, దానికి ఆదాయపు పన్ను లేదు. తోట చూపించి తీసుకున్న రుసుము ఆ మినహాయింపులోకి రాదు, విడిగా రాసి పెట్టుకోవాలి. గేటు దగ్గర ఉసిరి ఊరగాయో, మామిడి తాండ్రో అమ్మితే వచ్చేవాళ్లూ సంతోషంగా కొంటారు. నా వరకు నాకు ఇంగ్లండువాళ్ల పద్ధతిలో ఒక ముక్క బాగా నచ్చింది. ఊళ్లో బడి ప్రహరీకో, గ్రంథాలయానికో, ఆరోగ్య కేంద్రంలో బల్లలకో ఆ రోజు వసూలు ఇస్తామని గేటు మీద రాస్తే, వచ్చేవాళ్ల నడకే మారిపోతుంది. ఐదారు తోటలవాళ్లు కలిసి ఒక్కో ఆదివారం ఒక్కొక్కరు తెరుస్తామని పంచుకుంటే ఏ ఒక్కరి మీదా భారం పడదు. దీనికి సంస్థ అక్కర్లేదు, ఊళ్లో ఒక వాట్సాప్ గ్రూపు చాలు.

వాన సంగతి మాత్రం అందరూ కలిసి అనుకోవాలి. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో, రాయలచెరువు కట్టకు గండి పడుతుందని ఎన్ని ఊళ్లు ఖాళీ చేశాయో ఎవరూ మర్చిపోలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఆ ఆదివారం రద్దు, డబ్బు వాపసు అని ముందే మాట అనుకుంటే తగువు ఉండదు. ఏరు దాటి వెళ్లాల్సిన తోటలైతే మరీను.

ఊరు దాటాల్సిన పనే లేదు అనుకునేవాళ్లకు మిద్దెతోటలున్నాయి. తిరుపతిలో వీధి వీధికీ కనిపిస్తున్నాయి. వాటిని చూడ్డానికి శరత్తే సరైన కాలం. మన ఎండల్లో మాడిపోయే మొక్కలు వానలకు తేరుకుంటాయి, చిక్కుడు పందిరెక్కుతుంది, చామంతి మొగ్గ తొడుగుతుంది, టమాటా నారు పోసుకోవడానికి అదే అదను. ఇక్కడ చూసుకోవాల్సింది స్లాబు బరువు. మనుషులు తిరిగే మిద్దెకు, కట్టడాలు మోయాల్సిన భారాన్ని చెప్పే ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం లెక్కలోకి తీసుకుంటారు. తడి మట్టి పది సెంటీమీటర్ల మందాన పరిస్తేనే ఆ లెక్క నిండిపోతుంది. కుండీలన్నీ గోడల వెంబడి, దూలాల మీద బరువు పడేలా పెట్టి, మధ్యలో నడిచే దారి వదలాలి. పిట్టగోడ ఎత్తు మీటరుకు తగ్గితే పిల్లల్ని పైకి రానివ్వకూడదు. పదిమంది దిగాకే ఇంకో పదిమంది ఎక్కాలి. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా తెరిస్తే ఇంటివాళ్లకూ ఇబ్బంది ఉండదు, ఎండా ఎక్కదు.